నెమ్మదైనవాళ్ళు ముందు నడవాలి

వార్డెనమ్మ పోయారని ఆవిడ తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతున్నాను. హుకుంపేట అవతల కొండ మీదున్న ఆ ఊరి నుంచి ఫోన్ కలవడమే గొప్ప. సగం మాట వినిపించింది, సగం గాలికి పోయింది.

"మద్దేన్నం అంబలి తాగి తొంగున్నాదమ్మా. మరి లెగలేదు," అన్నాడాయన.

"ఆవిడ మధ్యాహ్నం పడుకోవడమేమిటి?" అన్నాను నేను.

చావు కబురు చెప్పిన మనిషిని అలా నిలదీయకూడదు. కానీ నాకు ముందు తట్టింది అదే. నా ఐదో తరగతి నుంచీ ఆవిడ పగటిపూట నడుం వాల్చగా నేను చూడలేదు. కూర్చుంటే చింతపండులో గింజలు తీస్తూనో, అడ్డాకుల విస్తళ్ళు కుడుతూనో ఉండాలి. నిలబడితే ఎవరినో కేకేస్తూ ఉండాలి. అలాంటి మనిషి పట్టపగలు పడుకుందంటే ఏదో తేడాగా ఉందని అక్కడ ఒక్కరికీ తోచలేదా అని కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో మాత్రం తెలియలేదు.

మర్నాడు పొద్దున్న పాతిపెడతామన్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగాను. పరుగు బూట్లు తొడుక్కుని గేటు దాకా వెళ్ళాను. గేటు పక్కనే ఆవిడ వాటా. తలుపుకి తాళం. కాఫీ పళ్ళు కోసే రోజులు కదా, ఊరెళ్ళి వస్తానని వెళ్ళారు. మళ్ళీ లోపలికొచ్చి బూట్లు విప్పేశాను. కాసేపటికి మళ్ళీ తొడుక్కున్నాను. మా ఆయన చూసి చూసి, "పోనీ, ఎల్లి కాసేపు పరిగెట్టి రా," అన్నాడు. అదే నావల్ల కాలేదు.

ఎందుకు కాలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. వార్డెనమ్మ అంటే మా ఆశ్రమ పాఠశాలలో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్. నన్ను ఐదో తరగతిలో మా నాన్న ఆవిడకి అప్పజెప్పి, వెనక్కి చూడకుండా బస్సెక్కేశాడు. చూస్తే తనకి ఏడుపొస్తుందని. నేను చదువుకుని, టీచరునై, అరకులో కాపురం పెట్టాక, ఆవిడ రిటైరై వచ్చి మా పక్క వాటాలోనే దిగారు. అప్పటి నుంచీ ఇద్దరం కలిసి పరుగెత్తేవాళ్ళం.

పరుగంటే మీరు పెద్దగా ఊహించుకోకండి. మేతకి వెళ్ళే ఆవులు మమ్మల్ని దాటిపోయేవి. పాల క్యాన్లు కట్టుకుని సైకిల్ మీద వెళ్ళే అబ్బాయి మమ్మల్ని దాటి, హోటళ్ళన్నిటికీ పాలు పోసి, తిరిగొస్తూ మాకు మళ్ళీ ఎదురయ్యేవాడు. "ఇంకా ఇక్కడే ఉన్నారేటమ్మా?" అనేవాడు. ఆ వేగంతోనే మలేషియా వెళ్ళి ఒక మారథాన్ పూర్తి చేసి వచ్చాం. వచ్చే నెలలో శ్రీలంకలో ఇంకోటి ఉంది. ఇద్దరి పేర్లూ ఇచ్చేశాం. ఇన్నేళ్ళలో ఎప్పుడు పరుగెత్తినా ముందు ఆవిడ, వెనక నేను. ఎదురుగా ఆవిడ వీపు లేకుండా నేను ఒక్క మలుపు కూడా తిరగలేదు. ఇప్పుడు ఆ వీపు లేదు. ఖాళీ రోడ్డు మీద నా కాళ్ళు కదులుతాయో లేదో గేటు దాటితే తేలిపోతుంది. అందుకే దాటలేదు.

మర్నాడు తెల్లవారగానే పాడేరు వెళ్ళే బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. ప్రతి స్టాపులోనూ బస్సు ఆగి, సంచులూ కోళ్ళగంపలూ ఎక్కించుకుంటుంటే డ్రైవరుని తిట్టుకున్నాను. ఆవిడ పక్కనుంటే, "బేగి ఎల్లి ఏటి సేత్తావు? ఆల్లు మాత్రం మనుసులు కారా?" అనేవారు.

ఆవిడ నన్ను మొట్టమొదట తిట్టింది కూడా నా తొందర గురించే. హాస్టల్ ఒకచోట, బడి ఒకచోట. మధ్యలో గట్ల మీద నడక. మొదటి రోజు నేను పలక చంకలో పెట్టుకుని అందరికన్నా ముందు పరుగు తీశాను. ఆవిడ వెనక నుంచి వచ్చి జడ పట్టుకుని ఆపారు.

"ఏటే గుంటా, రైలు తప్పిపోతాదేటి? నువ్వు చివర్న నడు."

నన్ను చివరికి పంపి, కాలు ఈడ్చి నడిచే ఒక చిన్నపిల్లని ముందు నిలబెట్టారు. ఆ పిల్ల ఎంత మెల్లగా నడిస్తే అందరం అంత మెల్లగా నడవాలి. గట్టు మీద పక్కకి తప్పుకుని దాటడానికి లేదు. నాకు కాళ్ళు పీకేసేవి. ముందున్న పిల్ల మడమ తొక్కేదాన్ని, దాని పలక నా మోకాలికి కొట్టేది, మేమిద్దరం పోట్లాడుకునేవాళ్ళం. రోజూ నన్నే చివర పెడుతున్నారంటే నామీద కక్షేమో అనుకుని ఒక ఆదివారం అడిగేశాను. అప్పుడు నా తలకి ఆముదం పట్టిస్తున్నారు. కదలకుండా కూర్చోవడానికి నాకు ఏదో ఒక కథ చెప్పాలి, అందుకని చెప్పారు.

వాళ్ళ ఊరు కొండ మీద. వారం వారం సంతకి దిగాలి. తలల మీద చింతపండు, పసుపు, అడ్డాకుల కట్టలు. ఒక మనిషి పట్టేంత దారి. ఊరంతా ఒకే వరుసలో దిగుతారు. అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి ముందుంటుంది. అందరికన్నా గట్టి మనిషి చివర ఉంటుంది.

"ముందున్నోలు ఆగిపోతే అందరికీ తెలుత్తాది. ఎనకున్నోలు పడిపోతే ఎవులికి తెలుత్తాది?" అన్నారు.

"మీరెక్కడ నడిచేవారు?"

ఆవిడ నవ్వారు. ఆ నవ్వుకి నా నెత్తి మీద చెయ్యి కూడా కదిలింది. "నాకు సిన్నప్పుడు జొరమొచ్చి కాళ్ళు సన్నబడిపోనాయి. అందుకని నన్ను ముందెట్టీవోరు. నాకా సంగతి తెల్దు. ఊరూరంతా నా ఎనకాలే వస్తన్నారు కదా, నానే నాయకురాల్ననుకునీదాన్ని. సంతలో దిగినాక మీరిక్కడ కూకోండి, మీరక్కడ కూకోండని అందరికీ ఆర్డరేసీదాన్ని. పెద్దయినాక మాయమ్మ సెప్పింది అసలు సంగతి."

"అప్పుడు ఏడ్చారా?"

"ఏడవడవేటి? అప్పటికి అలవాటైపోనాది. ఆర్డర్లెయ్యడం మాన్లేకపోనాను."

ఆ తర్వాత చివర నడవడం నాకు శిక్షలా అనిపించలేదు. గట్టిదాన్నని గర్వంగా కూడా ఉండేది. ఎవరి చెప్పు తెగినా, ఎవరి పలక జారినా తీసిచ్చేది నేనే. వరుస మొత్తం నా కళ్ళ ముందు ఉండేది.

ఆవిడ పరుగు మొదలుపెట్టడం వెనక ఆదర్శం ఏమీ లేదు. షుగరొచ్చింది, రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. పని లేకుండా నడవడమంటే ఆవిడకి సిగ్గు. "ఎవులైనా ఎక్కడికెల్తన్నావని అడిగితే ఏటి సెప్పను? ఎక్కడికీ ఎల్టం లేదని సెప్పాలా?" అనేవారు. అందుకని మొదట్లో ఒక సంచీ పట్టుకుని బయల్దేరి, ఎవరింట్లోనో రెండు గుమ్మడి ముక్కలు ఇచ్చి వచ్చేవారు. గుమ్మడికాయలు అయిపోయాక, "పరుగైతే బేగి అయిపోద్ది. పైగా పరిగెట్టీవోల్ని ఆపి ఎవులూ అడగరు," అని తేల్చారు. నాకు అప్పటికే ఒళ్ళు వచ్చేసి, మెట్లెక్కితే ఆయాసం. చిన్నప్పటి చురుకు ఎటుపోయిందో తెలియదు, కాలు నిలవని గుణం మాత్రం మిగిలింది. నేనూ వెంట పడ్డాను.

రోడ్డెక్కిన మొదటి రోజే ఆవిడ ముందుకెళ్ళి నిలబడ్డారు. "నానే నెమ్మది కదా," అన్నారు. అంతే, వరుస తేలిపోయింది.

కొండల్లో కట్టినట్టు చీర పిక్కల మీదికి బిగించి, కింద తెల్ల కాన్వాస్ బూట్లు. స్వెట్టరు మీద నుంచి పైట తిప్పి నడుముకి దోపేవారు. నడుము దగ్గర చీర మడత కొంచెం ఎడమవైపుకి ఉండేది. మంచు కమ్మిన పొద్దున్నల్లో ఆ మడతని చూసుకుంటూ పరుగెత్తేదాన్ని. పరుగెత్తుతూనే ఆర్డర్లు. రోడ్డు పక్క పళ్ళు తోముకుంటున్న వాడిని, "ఒరే, నీళ్ళ కుళాయి కట్టీ!" బడికి పోకుండా నిలబడ్డ ఆడపిల్లని, "ఒలే, టైమెంతయిందే?" పర్యాటకుల కార్లు హారను కొడితే వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి ఆగమనేవారు, ఆగేవాళ్ళు. నాకు నవ్వాగేది కాదు. నవ్వితే ఆయాసం ఎక్కువై ఇంకా నెమ్మదించేవాళ్ళం.

మా లోయలో ఒకసారి పరుగు పందెం పెట్టారు. ఇద్దరం పాల్గొని, ఇద్దరం అందరికన్నా వెనక వచ్చాం. విశాఖ నుంచి వచ్చిన ఒకావిడ మాతో కూర్చుని అరటిపండు తింటూ, మలేషియాలో ఒక మారథాన్ ఉందనీ, మా వంటి వాళ్ళకి అక్కడ చాలా సమయం ఇస్తారనీ చెప్పింది. వార్డెనమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "సమయం దాటిపోతే?"

"వెనకాల బస్సు వస్తుందండీ. ఎక్కించుకుని తీసుకెళ్ళిపోతుంది."

"ఎక్కకపోతే?"

ఆ రోజు నుంచీ వార్డెనమ్మకి ఆ బస్సు పట్టుకుంది. మా పరుగులు పెరిగాయి. గాలికొండ వైపు ఎత్తులు ఎక్కి దిగేవాళ్ళం. పాస్‌పోర్టు వచ్చిన రోజు కూడా ఆవిడ దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి, "ఆ బస్సు మాత్రం ఎక్కకూడదే గుంటా," అన్నారు. మిగతా జీవితంలో ఎన్ని బస్సులెక్కారో లెక్కలేదు. ఈ బస్సంటే మాత్రం ఆవిడకి అవమానం. చిన్నప్పుడు కాళ్ళు సన్నబడ్డప్పుడు ఊళ్ళో ఎవరో, పిల్లని ఎత్తుకుపోదాం, బేగి వెళ్ళిపోవచ్చు అన్నారట. వాళ్ళమ్మ ఒప్పుకోలేదట. దించి ముందు నిలబెట్టిందట. ఈ సంగతి విమానంలో చెప్పారు. విమానంలో కూడా ఆవిడకి కాళ్ళు నిలవలేదు. సీట్ల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే, ఎయిర్‌హోస్టెస్ వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆవిడని ఒకరు కూర్చోబెట్టగా చూడటం నాకు అదే మొదటిసారి.

అక్కడ పరుగు చీకటితోనే మొదలు. ఎండ రాకముందే సగం అయిపోవాలని. హోటల్ గదిలో వేణ్ణీళ్ళ కెటిల్లో చోడి అంబలి, అదే రాగి జావ, కాచి, సీసాలో పోసి, నడుముకి కట్టుకున్నారు. మా కొండల చలికి అలవాటైన ఒళ్ళు, ఆ సముద్రపు గాలికి నిలబడ్డచోటే తడిసిపోయింది. వేలమంది జనం. వార్డెనమ్మ నా చెయ్యి పట్టుకుని, అందర్నీ తప్పించుకుంటూ, సరాసరి వెళ్ళి గీత మీద నిలబడ్డారు. మా పక్కన సన్నగా, పొడుగ్గా, చువ్వల్లా ఉన్న ఆఫ్రికా కుర్రాళ్ళు. వాళ్ళు మమ్మల్ని చూసి మర్యాదగా జరిగారు కూడా.

నాకు అప్పటికి కూడా తప్పుగా తోచలేదు. నెమ్మదైనవాళ్ళు ముందు. పుట్టి బుద్ధెరిగి మేం చూసిన పద్ధతి అదే.

ఒక వాలంటీరు పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి మా ఛాతీ మీది నంబరు కాగితంలో గుంపు అక్షరం చూసి, మీరు వెనక్కి వెళ్ళాలి, చాలా వెనక్కి, అంది. నేను తెలుగులో చెప్పాను. వార్డెనమ్మ కదల్లేదు.

"నెమ్మదిగా ఎల్లీవోలు ముందుండాల కదమ్మా. ఎనకుంటే మేం పడిపోతే ఎవులు సూత్తారు? అడుగు ఆ పిల్లని."

అడిగాను. నాకొచ్చిన ఇంగ్లీషులో, మా కొండల్లో ఇలా, మా సంతకి ఇలా అని చెప్పాను. ఆ పిల్ల చాలా శ్రద్ధగా విని, "వెనకాల బస్సు ఉంటుంది, అది చూస్తుంది," అంది.

అది విన్నాక వార్డెనమ్మ చీర మడత సర్దుకుని వెనక్కి నడిచారు. ఆఖరి గుంపులో, ఆఖరి మనుషుల దగ్గర నిలబడ్డాం. తుపాకీ పేలిన చాలాసేపటికి గానీ మేం గీత దాటలేదు.

పరుగు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మొదటి సగం చీకటి, దీపాలు, చప్పట్లు. తర్వాత ఎండ. జనం ముందుకెళ్ళిపోయారు. రోడ్డు వెడల్పయిపోయింది. అరటి తొక్కలూ, నలిగిన కాగితం గ్లాసులూ మిగిలాయి. అప్పుడు వెనక నుంచి బస్సు వచ్చింది. పసుపు దీపం తిప్పుకుంటూ, మనిషి నడకంత నెమ్మదిగా. దాని ముందు మాలాంటి వాళ్ళు అక్కడక్కడా ఒక్కొక్కరూ. ఆకుపచ్చ ముసుగు కట్టుకున్న ఒక అమ్మాయి కాలు పట్టేసి ఏడుస్తూ కుంటుతోంది. టోపీ పెట్టుకున్న ఒక చైనా తాత, రెండడుగులు వేసి ఒకసారి ఆగుతున్నాడు. డ్రైవరు తలుపు తీసి నవ్వుతూ రమ్మన్నాడు. ఆ అమ్మాయి బస్సు వైపు అడుగు వేసింది.

"ఒలే గుంటా!" అని ఒక్క కేక. ఆ కేక వింటే మా హాస్టల్లో అరవైమందిమీ నిలబడిపోయేవాళ్ళం. ఆ అమ్మాయి కూడా నిలబడిపోయింది. భాష తెలియకపోతేనేం, అది వార్డెన్ కేక. ఆవిడ వెళ్ళి ఆ అమ్మాయి భుజాలు పట్టుకుని, తీసుకెళ్ళి అందరి ముందూ నిలబెట్టారు. తాతని చెయ్యి పట్టుకుని దాని వెనక నిలబెట్టారు. తను ఆయన వెనక నిలబడ్డారు. నావైపు తిరిగి, "నువ్వు చివర్న," అన్నారు. డ్రైవరుకి తెలుగులోనే చెప్పారు, "నువ్వు ఎల్లు బాబూ, మేం వస్తాం."

అలా వెళ్ళాం. ముందు కుంటుతున్న అమ్మాయి, ఆ వేగంలో మేమందరం. సీసాలో అంబలి చేతులు మారింది. తాత తాగి ముఖం చిట్లించి, మళ్ళీ అడిగి తాగాడు. ముందు నిలబడ్డాక ఆ అమ్మాయి ఏడుపు మానేసింది. తన వెనక ఇంతమంది ఆగి ఉన్నారంటే ఆగడానికి సిగ్గేసినట్టుంది. దారిలో ఇంకో ఇద్దరు మా వరుసలో చేరారు. నా వీపుకి బస్సు వేడి తగులుతోంది. దాని హెడ్‌లైట్లకీ వీళ్ళందరికీ మధ్య నేనొక్కదాన్నే. నాకు భయం వేసింది, ఏడుపొచ్చింది, అంతలోనే గట్టు మీద పలకలు ఏరిన ఐదో తరగతి పిల్లలా గర్వమూ కలిగింది. ఎవరి నీళ్ళ సీసా జారినా నేనే తీసిచ్చాను.

మేం చేరేసరికి గాలి నింపిన ఆర్చి ఒక పక్కకి వంగిపోయి ఉంది. కుర్చీలు లారీ ఎక్కిస్తున్నారు. గడియారం మాత్రం ఇంకా తీసెయ్యలేదు. ముందు ఆ అమ్మాయి గీత దాటింది, తర్వాత తాత, చేరినవాళ్ళిద్దరూ, తర్వాత వార్డెనమ్మ, చివర నేను. బస్సు ఖాళీగా వచ్చి ఆగింది. డ్రైవరు దిగి చప్పట్లు కొట్టాడు. వార్డెనమ్మ అతన్ని కూడా వరుసలో నిలబడి నీళ్ళు తాగమన్నారు.

మొత్తం పందెంలో అందరికన్నా చివరి పేరు నాది. అరకు తిరిగొచ్చాక ఆవిడ ఆ మాట సంతలో, బస్‌స్టాండులో, బ్యాంకులో అందరికీ చెప్పారు. "మా టీచరు మలేసియాలో ఆకర్న వచ్చింది!" అని. వినేవాళ్ళకి అది పొగడ్తో, వెక్కిరింతో తెలిసేది కాదు. నాకు తెలుసు. నా గురించి ఎవరూ అంతకన్నా మంచిమాట అనలేదు.

హుకుంపేటలో బస్సు దిగి, ఆటోలో కొంత దూరం, తర్వాత కాలిబాట. నేను చేరేసరికి వాకిలి నిండా జనం. హాస్టల్ పిల్లలు, అంటే ఇప్పుడు మనవలున్న వాళ్ళు కూడా, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఆవిడని అరుగు మీద పడుకోబెట్టారు. కదలకుండా ఉన్న ఆ ముఖం నాకు తెలియని మనిషిదిలా ఉంది. పక్కనే కాఫీ బస్తాలు. ఒక బస్తా మూతిని నీలం రిబ్బనుతో కట్టారు, దాని కొసన మలేషియా పతకం వేలాడుతోంది. ఆ రిబ్బను గట్టిదని ఆవిడ మెచ్చుకునేవారు, పతకం సంగతి అంతగా పట్టించుకోలేదు. ఆ బస్తాని చూశాక నాకు ఏడుపు వచ్చింది. అప్పటిదాకా రాలేదు.

పాతిపెట్టే చోటు ఊరికి పైన. కాఫీ తోటల మధ్య నుంచి ఒక మనిషి పట్టేంత దారి. పాడె మోసేవాళ్ళు కూడా ఇద్దరిద్దరుగా పట్టక, ఒకరి వెనక ఒకరు సర్దుకుంటున్నారు. ఇప్పుడు ఆ ఊరి వరుసలో ఎప్పుడూ ముందు నడిచే ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని వచ్చి, ముందుకెళ్ళి నిలబడింది. వార్డెనమ్మ తమ్ముడు ఆవిడని మెల్లగా పక్కకి జరిపాడు.

"ఈయేల అక్క ముందు. అక్క కంటే నెమ్మదిగా ఎవులు నడుత్తారు?"

ముసలమ్మ తలూపి పాడె వెనక్కి వెళ్ళింది. నేను అలవాటుగా అందరికన్నా చివర నిలబడ్డాను. ఆ ఎత్తు ఎక్కినంతసేపూ ఒక్కరు కూడా ఆవిడని దాటలేదు. మోసేవాళ్ళు ఆగితే ఆగాం, కదిలితే కదిలాం. నాకు అక్కడి నుంచి ఆవిడ కనబడలేదు, మధ్యలో అన్ని వీపులున్నాయి.

మట్టి వేశాం. నా వంతు అయ్యాక లేవబోతే మోకాళ్ళు లేవలేదు. మారథాన్ రోజు కూడా అలా కాలేదు. చెట్టు పట్టుకుని నిలబడ్డాను. అందరూ దిగడానికి వరుస కడుతున్నారు. నేను చివరికి వెళ్ళబోయాను.

"టీచరమ్మా, నువ్వు ముందు నడు," అన్నాడు ఆవిడ తమ్ముడు.

"వద్దు మావయ్యా. నాకు చివరే అలవాటు."

"నీ కాళ్ళు సూడు ఎలా వణుకుతున్నాయో. ముందు నడమ్మా. ఎనక్కి మాత్రం సూడకు."

అక్కడా అదే పద్ధతి. పాతిపెట్టి వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు. కర్ర పట్టుకున్న ముసలమ్మ కూడా నాకు దారిచ్చి, నా వెనక నిలబడింది. నేను వెళ్ళి ముందు నిలబడ్డాను. నా ఎదురుగా ఎవరూ లేరు. ఎర్రమట్టి దారి, రెండు పక్కలా కాఫీ మొక్కలు, కింద లోయలో ఇంకా విడని మంచు. చీర మడత లేదు, కాన్వాస్ బూట్లు లేవు, కేకలు లేవు. అడుగు వెయ్యడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఊరంతా నా అడుగు కోసం ఆగింది.

ఒక అడుగు వేశాను. వెనక అందరి పాదాలూ ఒక అడుగు వేశాయి. ఇంకోటి వేశాను. ఆగితే ఆగాయి. కొంత దూరం దిగాక కంగారు పట్టుకుంది. చిన్నప్పటి నుంచీ నేను చూసుకున్న చోటు అది, ఇప్పుడక్కడ ఎవరున్నట్టు? తిరిగి చూడకుండానే అడిగాను.

"మావయ్యా, చివర్న ఎవరున్నారు?"

"అక్కుంది కదమ్మా," అన్నాడాయన.

శ్రీలంకలో రోడ్డు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ముందు ఇలాగే ఖాళీగా ఉంటుంది కాబోలు. వెళ్తాను. వాగు చప్పుడు వినిపించే చోటికి వచ్చేసరికి నా మోకాళ్ళ వణుకు తగ్గి, అడుగు మా పాత పరుగు అడుగులో పడింది. ఆవులు దాటిపోయే ఆ వేగంలో దిగుతూనే ఉన్నాను. వెనక ఎవరూ నన్ను దాటలేదు.